అబ్రహాముగారి రెండవ పెట్టె

కిష్టారెడ్డిపేటలో ఒక అపార్ట్‌మెంటు మూడవ అంతస్తులో కాపురముంటున్న అబ్రహాముగారు ఏ వస్తువు కొన్నా రెండు కొంటారు. ఒకటి వాడటానికి, రెండవది వాడకుండా ఉంచటానికి.

దీన్ని దుబారా అనుకునేవాళ్ళకు ఆయన ఉద్యోగం సంగతి తెలియదు. గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ఆయన ఇరవై ఏడేళ్ళు శాంపిల్ గదిని ఏలి, రెండేళ్ళ కిందట రిటైరయ్యారు. మందు తయారైన ప్రతిసారీ అందులోంచి పిడికెడు తీసి, సీసాలో పోసి, సీలు వేసి, చీటీ అంటించి బీరువాలో పెట్టటం ఆ గది పని. బయటికి వెళ్ళిన మందు మీద ఎప్పుడైనా ఎక్కడినుంచైనా ఫిర్యాదు వస్తే బీరువాలోని సీసాను దించి, సీలు విప్పి, పరీక్ష చేసి నిజం తేలుస్తారు. అంతవరకు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మిగతా మందంతా దేశాలు తిరిగి, జ్వరాలు తగ్గించి, పేరు తెచ్చుకుంటూ ఉంటే, ఈ పిడికెడు మాత్రం చీకట్లో కూర్చుని సాక్ష్యం చెప్పే రోజు కోసం ఎదురుచూస్తుంది. అబ్రహాముగారికి మొదటినుంచీ ఈ పిడికెడు మీదే అభిమానం.

రిటైరైన నెలకు, సంగారెడ్డిలో టీచరుగా పనిచేసే కూతురు బ్యూలా వచ్చి తండ్రి ఫోనులో సరుకులు తెప్పించుకునే యాప్ ఒకటి పెట్టి పోయింది. ఏదో కాలక్షేపమవుతుందని ఆమె ఉద్దేశం. మూడు నెలలు తిరిగేసరికి పడకగది బీరువాలో భార్య ఏసమ్మగారి చీరలు ఒక్క అరలోకి సర్దుకున్నాయి. మిగిలిన నాలుగు అరల్లో రెండవ మిక్సీ, రెండవ దోమల బ్యాటు, రెండవ ఫ్లాస్కు, రెండవ టార్చిలైటు సీలు విప్పని పెట్టెల్లో కొలువుతీరాయి. ప్రతి పెట్టె మీద తెల్ల చీటీ, చీటీ మీద ఎర్ర సిరాతో 'ముట్టరాదు' అన్న హెచ్చరిక.

వీటికొక రిజిస్టరు కూడా ఉంది. పొడుగాటి పుస్తకం. వస్తువు పేరు, వచ్చిన తేదీ, పెట్టె బరువు, వ్యాఖ్య, ఆ తరువాత రెండు గడులు: 'చేసినవారు', 'సరిచూసినవారు'. ఫ్యాక్టరీలో ఈ చివరి రెండు గడుల్లో ఒకే మనిషి సంతకం ఎన్నడూ ఉండకూడదు. తూచినవాడు ఒకడైతే, తూకం చూసి ఒప్పుకునేవాడు ఇంకొకడు కావాలి. ఇంట్లో సిబ్బంది కొరత. అందుచేత అబ్రహాముగారు మొదటి గడిలో నీలి సిరాతో సంతకం చేసి, అయిదు నిమిషాలు ఆగి, మనిషి మారినంత గాంభీర్యంతో రెండవ గడిలో నల్ల సిరాతో సంతకం చేసేవారు. ఆ అయిదు నిమిషాలు ఆయన నీళ్ళు తాగేవారనీ, ఒకోసారి కళ్ళజోడు కూడా తుడుచుకునేవారనీ ఏసమ్మగారు చెప్పగా తెలిసింది.

పెట్టెలన్నీ తెచ్చిచ్చేది ఎల్లయ్య. అపార్ట్‌మెంటు నిలబడిన నేల, దాని ముందరి రోడ్డు, పక్కనున్న లేఅవుట్లు ఇరవై ఏళ్ళ కిందట ఎల్లయ్య అన్నదమ్ములవి. భూమి పోయింది. ఇప్పుడు యాభై అయిదేళ్ళ వయసులో మోపెడ్‌కు పెద్ద సంచీ కట్టుకుని అదే భూమిలో గడప గడపకూ పార్సిళ్ళు వేస్తున్నాడు. ఫోను చూపించే చిరునామాలు అతనికి ఆనవు. అబ్రహాముగారి బ్లాకు అతని లెక్కలో జొన్న చేను, ఎదుటి బ్లాకు కంది చేను. "మీ లిఫ్టున్నది సూడు సారూ, గాడనే మా బాయి," అని మొదటి రోజే చెప్పాడు. లిఫ్టు ఎక్కినప్పుడల్లా, బావిలోకి దిగుతున్నవాడిలా, అతను ఒక చెయ్యి గోడకు ఆనించి నిలబడటం అబ్రహాముగారు గమనించారు.

ప్రతిదీ రెండేసి ఎందుకని ఒకరోజు ఎల్లయ్య అడిగితే, అబ్రహాముగారు శాంపిల్ గది ధర్మం ఆద్యంతం వివరించారు. ఎల్లయ్య గోడకు ఆనుకుని శ్రద్ధగా విన్నాడు.

"మేం గూడ ఇత్తులు గిట్లనే దాస్తుంటిమి సారూ," అన్నాడు చివరికి. "కని మల్ల వానలు వడంగనే అవే ఏస్తుంటిమి."

అబ్రహాముగారు రిజిస్టరులోకి తల వంచారు. అది వేరే శాఖ.

కొన్న ప్రతి వస్తువు మీదా ఆయన యాప్‌లో అభిప్రాయం రాసేవారు. జనం 'సూపర్', 'వేస్ట్' అని రెండు ముక్కల్లో తేల్చేసే చోట ఆయన నివేదికలు సమర్పించేవారు. ఫ్లాస్కు గురించి ఇలా రాశారు: "ఉదయం ఆరింటికి పోసిన చాయ సాయంత్రం ఆరింటికి వేడిగానే ఉన్నది. అయితే మనిషి పన్నెండు గంటలు చాయ తాగకుండా ఎందుకు ఉండవలెనో తయారీదారులు తెలుపలేదు." మిక్సీ గురించి: "శబ్దము తక్కువ అని ప్రకటించినారు. పై అంతస్తు నవీన్‌కుమార్ గారు ఏకీభవించలేదు." దోమల బ్యాటు గురించి: "పనితీరు తృప్తికరము. దోమల అభిప్రాయము సేకరించుటకు వీలుపడలేదు."

ఇంటర్నెట్ సినిమాలనూ ఆయన వదల్లేదు. సినిమా అయిపోయాక పేర్లు పైకి జరుగుతుంటే, ఎవరు ఏ పని చేశారో ఆఖరి దాకా చదవటం ఆయన అలవాటు. పేరు లేని పని ఆయన దృష్టిలో చీటీ లేని సీసా. ఆ యాప్ మాత్రం మూడో పేరు రాకముందే తెరను మూలకు నెట్టి ఇంకో సినిమా మొదలుపెట్టేది. "లైట్లు పట్టినవారి పేర్లు చదువుటకు నాకు పదకొండు ప్రయత్నములు పట్టినవి. వారు అంతకంటే తక్కువ కష్టముతో లైట్లు పట్టియుందురు," అని రాశారు. ఆ నివేదిక తమకు ఉపయోగపడిందని ఇద్దరు నొక్కారు. అందులో ఒకరు బ్యూలా.

ఇక ఏసమ్మగారి సంగతి. ఆమెకు నాలుగైదేళ్ళుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. తగ్గిందని ఆమె ఒప్పుకోలేదు. లోకం గొణుగుతోందని అనేది. కిందటేడు ఈస్టరు ఆరాధనలో తేలింది. ఆలస్యమవుతోందని పాస్టరు ఎబెనేజరయ్యగారు పాటను మూడు చరణాలకే ముగించమని మైకులో చెప్పారు. అందరూ ఆపారు. ఏసమ్మగారు కళ్ళు మూసుకుని నాలుగో చరణం ఒక్కతే, కంచు గొంతుతో, సాంతం పాడింది. కళ్ళు తెరిచేసరికి సంఘమంతా ఆమె వైపే చూస్తోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదని ఆమె తరువాత అంది. ఆనాటినుంచి చర్చిలో నోరు విప్పటం మానేసింది.

అప్పుడు అబ్రహాముగారు చెవి మిషను తెప్పించారు. చింతగింజంత వస్తువు, చెవి వెనక కూర్చుంటుంది, ఛార్జింగు పెట్టుకోవాలి. మామూలు ప్రకారం రెండు వచ్చాయి. ఒకటి ఏసమ్మగారి చెవికి, రెండవది బీరువాకు. మిషను పెట్టుకున్న మొదటి రోజు ఆమె కుక్కరు కూతలు లెక్కపెట్టింది, లిఫ్టు తలుపు ఎవరు వేయకుండా వదిలేశారో చెప్పింది, భర్త ఇన్నేళ్ళుగా తనలో తాను ఏమని గొణుక్కుంటున్నాడో తెలుసుకుంది. దాని మీద ఒక పూట మాటలు నడిచాయి. నెల తిరక్కుండా మళ్ళీ చర్చిలో పాడింది.

ఈ ఏడు, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలం మొదలవుతూనే పాస్టరయ్యగారు గుడ్ ఫ్రైడే జాబితా చదివారు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఏడు మాటలకు సంఘంలో ఉన్నంత పోటీ పంచాయతీ వార్డులకు కూడా ఉండదు. 'దప్పిగొనుచున్నాను' అన్న అయిదవ మాట తొమ్మిదేళ్ళుగా రిటైర్డ్ టీచరు పుష్పమ్మగారి సొంతం. ఈసారి అయ్యగారు అయిదవ మాట ఏసమ్మకు అని చదివారు. ఏసమ్మగారికి స్పష్టంగా వినిపించింది. అయినా, ఇంకోసారి వినటంలో తప్పు లేదని, పక్కావిడను అడిగి మళ్ళీ చెప్పించుకుంది.

నెల రోజులు ఆమె ఆ మాట మీదే ఉంది. గడ్డపోతారంలో కిరాయి గదిలో ఉన్నప్పుడు ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి కూర్చున్న రోజులు, వంతు దాకా వచ్చాక నీళ్ళు అయిపోయిన రోజులు, తన నిండు బిందె పక్కింటి బాలింతకిచ్చి ఖాళీ బిందెతో తిరిగొచ్చిన ఒక రోజు, అన్నీ పాత క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో రాసుకుంది. ఇంతకాలం దాహం గురించి పుష్పమ్మగారు చెప్పినవన్నీ పుస్తకంలో దాహాలని, తనది బిందెలో దాహమని ఆమె నమ్మకం.

గుడ్ ఫ్రైడే ఇంకా పన్నెండు రోజులుందనగా, ఆదివారం సాయంత్రం, ఆ చెవి మిషను వాషింగ్ మిషన్లో పడింది. తలస్నానానికి వెళుతూ ఆమె దాన్ని తువ్వాలు కొసకు చుట్టిపెట్టింది. తువ్వాలు బట్టల్లో కలిసింది. నలభై మూడు నిమిషాల తరువాత వాషింగ్ మిషను పని ముగిసిందని పాట పాడింది. ఆ పాట ఆమెకు వినిపించలేదు. తేమ, సబ్బు, తిప్పుడు అన్నీ పూర్తయ్యాక బయటపడ్డ చెవి మిషనంత శుభ్రమైన చెవి మిషను పటాన్‌చెరు చుట్టుపక్కల ఇంకొకటి ఉండదు. పనిచేయదు, అంతే.

ఏసమ్మగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబ్రహాముగారి ముఖంలో మాత్రం ఇరవై ఏడేళ్ళ ఉద్యోగం వెలిగింది. బీరువా ఎందుకుందో లోకానికి చెప్పే రోజు వచ్చింది. ఆయన చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, 'ముట్టరాదు' అన్న పెట్టెను రెండు చేతులతో దించి, సీలు బ్లేడుతో కోసి మూత తీశారు. లోపల ఛార్జింగు వైరు ఉంది. మూడు రబ్బరు బుడిపెలు ఉన్నాయి. పదకొండు భాషల్లో సూచనల పుస్తకం ఉంది. మధ్యలో నురుగు అట్టలో చెవి మిషను ఆకారంలో ఒక గుంట ఉంది. గుంటలో చెవి మిషను లేదు.

వస్తువు తేడా ఉంటే వారం లోపల వాపసు చేయాలని యాప్ నియమం. ఆ పెట్టె బీరువాలోకి వెళ్ళి పదకొండు నెలలైంది.

మర్నాటినుంచి అబ్రహాముగారు తిరగని చోటు లేదు. యాప్‌లో ఆ మిషను ప్రస్తుతం దొరకదని వస్తోంది. వేరే రకాలు ఈస్టరు దాటాక గాని రావట. పటాన్‌చెరు దుకాణంవాళ్ళు డాక్టరు పరీక్ష చీటీ కావాలన్నారు. డాక్టరుగారు ఈస్టరు తరువాతి బుధవారానికి సమయమిచ్చారు. చెడిపోయిన మిషను బియ్యం డబ్బాలో రెండు రోజులు ధ్యానం చేసి, ఏ మార్పూ లేకుండా బయటికి వచ్చింది. యాప్‌లోని సహాయకేంద్రంలో మనిషి కాని ఒక సహాయకురాలు, ఆయన ఏమి రాసినా మీ బాధ మాకు అర్థమైందని జవాబిచ్చింది. ఏమి అర్థమైందో రాయమని ఆయన కోరగా, మీ సంభాషణ తృప్తికరంగా సాగిందా అని అడిగింది.

ఏసమ్మగారు తన నిర్ణయం చెప్పేసింది. "నాకు ఇనవడకపోతే నేను లేవ. పాట యాడ ఆగుతదో, అయ్యగారు ఎప్పుడు కూసోమంటడో ఎట్ల తెలుస్తది? మల్ల గట్ల అందరి ముంగట నిలవడ. పుష్పమ్మక్క చెప్పుకుంటది తియ్యి." ఆ మాట చాలా గట్టిగా అంది. తన గొంతు తనకు వినబడనివాళ్ళు అలాగే మాట్లాడతారు. పై అంతస్తు నవీన్‌కుమార్ గారికి కూడా సంగతి తెలిసిపోయింది.

బుధవారం ఉదయం అబ్రహాముగారు రిజిస్టరు తీశారు. కిందటేడు మే నెల పేజీలో ఒకదాని కింద ఒకటి రెండు వరుసలున్నాయి. చెవి మిషను, మొదటి పెట్టె, బరువు నూట అరవై రెండు గ్రాములు. చెవి మిషను, రెండవ పెట్టె, బరువు నూట యాభై మూడు గ్రాములు. రెండింటి ఎదుటా వ్యాఖ్య: 'సరిపోయినది'. నీలి సంతకం. నల్ల సంతకం. ఆయన సూచనల పుస్తకం తెరిచి మిషను బరువు చూశారు. తొమ్మిది గ్రాములు.

పెట్టె ఇంటికి వచ్చిన రోజే అందులో వస్తువు లేదు. ఆ మాట పెట్టె ఆనాడే చెప్పింది. ఆయన దాన్ని చక్కని దస్తూరితో రాసుకుని, రెండు రంగుల్లో సంతకం పెట్టి, సరిపోయిందన్నారు. తూచిన అబ్రహాము చేసిన తప్పు, అయిదు నిమిషాలు నీళ్ళు తాగి వచ్చిన అబ్రహాముకు కనిపించలేదు. ఇద్దరివీ అవే కళ్ళు.

ఆ రెండు వరుసలు పంపితే పెట్టె మొదటినుంచీ ఖాళీ అని రుజువవుతుంది. కానీ అవి పంపటమంటే ఇరవై ఏడేళ్ళలో ఒక్క తప్పుకైనా దొరకని మనిషి తన తప్పు తాను పట్టి ఊరికి చూపించటం. మధ్యాహ్నం దాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు. తరువాత ఫ్యాక్టరీలో ఏదైనా పొరపాటు జరిగినప్పుడు రాసే పద్ధతిలో కాగితం మొదలుపెట్టారు: జరిగినదేమి, ఎప్పుడు, ఎందువలన. 'ఎందువలన' దగ్గర ఆగి, చివరికి ఇలా రాశారు: "పెట్టెలో వస్తువు పెట్టకుండుట మీ లోపము. తూకములో తేడా కనబడియు కనిపెట్టకుండుట నా లోపము. చేసినవారు, సరిచూసినవారు ఒక్కరే అగుట దీనికి మూలకారణము."

పూర్తయ్యాక దాన్ని ఏసమ్మగారికి ఎదురుగా కూర్చుని పైకి చదివారు. ఆమెకు వినబడదన్న ధైర్యంతోనే చదివారు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆయన ముఖం వైపు చూసింది.

"ఏందో తప్పు చేసినవ్ నువ్వు," అంది. "ఒప్పుకుంటున్నవ్ గద? ముఖం సూస్తనే తెలుస్తున్నది. పంపియ్యి పో."

యాప్‌కు కాక, సూచనల పుస్తకం చివర అడుగున ఉన్న తయారీదారుల ఈమెయిలు చిరునామాకు ఆయన ఆ కాగితం ఫొటోను, రెండు వరుసల ఫొటోను పంపారు. శనివారం ఉదయం కోయంబత్తూరు నుంచి సృజన అనే అమ్మాయి ఫోను చేసింది. అదొక చిన్న కంపెనీ, ఆఫీసులో తెలుగు వచ్చిన మనిషి తానొక్కతే కనుక తనకు అప్పజెప్పారట. కొన్నవాళ్ళు తమను తిడుతూ రాసిన ఉత్తరాలు వందల కొద్దీ ఉన్నాయి గాని, తనను తాను దోషిగా తేల్చుకున్న ఉత్తరం ఇదే మొదటిదని, అందరికీ అర్థం చెప్పేసరికి తనకు గంట పట్టిందని చెప్పింది. నియమం ప్రకారం గడువు దాటిపోయినా, తొమ్మిది గ్రాములు బాకీ ఉన్నామని వాళ్ళ మేనేజరు ఒప్పుకున్నాడట. ఆ యాప్ ద్వారానే సోమవారం పంపుతామంది. అబ్రహాముగారు రెండు అడగలేదు. నోటి దాకా వచ్చిందని మాత్రం బ్యూలాతో తరువాత ఒప్పుకున్నారు.

మర్నాడు, గుడ్ ఫ్రైడే ముందటి మట్టల ఆదివారం, ఏసమ్మగారు అందరితో పాటు మట్ట పట్టుకుని, నోరు మూసుకుని చర్చి చుట్టూ తిరిగింది. తిరుగుతూనే పుష్పమ్మగారిని పక్కకు పిలిచి, శుక్రవారం నాలుగో మాట అయ్యేలోపల తన చెవికి మిషను రాకపోతే అయిదవ మాట ఆమెదేనని చెప్పేసింది. పుష్పమ్మగారు చాలా విచారించింది. విచారిస్తూనే తన పాత నోట్సు ఎక్కడుందో గుర్తుచేసుకుంది.

పెట్టె శుక్రవారం వస్తుందని యాప్ చెప్పింది. రాత్రి తొమ్మిది లోపల ఎప్పుడైనా. గురువారం ఇంకో పార్సిలు ఇవ్వటానికి పక్క ఫ్లాటుకు వచ్చిన ఎల్లయ్యకు అబ్రహాముగారు సంగతంతా చెప్పారు. చర్చి ఎక్కడని అతను అడిగితే ఆయన గుర్తులు చెప్పబోయారు. అవసరం లేదని, అది ఒకప్పుడు తమ పెదనాయిన పల్లీల చేను అని చెప్పి ఎల్లయ్య వెళ్ళిపోయాడు.

శుక్రవారం పన్నెండింటికి ఆరాధన మొదలైంది. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. ఏసమ్మగారు తెల్లచీరలో మూడో వరుసలో కూర్చుంది. క్యాలెండరు కాగితం మడతపెట్టి చేతిలో ఉంది. అబ్రహాముగారు లోపల కూర్చోలేదు. చెప్పులు విడిచే వరండాలో, వంటింటి త్రాసు, రిజిస్టరు, రెండు పెన్నులు ఉన్న సంచీతో నిలబడ్డారు. ఎంత అవసరమైనా తూచకుండా వాడటం ఆయన ఊహకు అందని పని. ఫోనులో పటం మీద ఎల్లయ్య ఒక చుక్కగా కనబడుతున్నాడు. మీకంటే ముందు ముప్పై నాలుగు డెలివరీలున్నాయని యాప్ చెప్పింది. మొదటి మాట అయ్యేసరికి ముప్పై ఒకటి. రెండవ మాట అయ్యేసరికి ఇరవై ఎనిమిది.

మూడవ మాట మధ్యలో ఎల్లయ్యే ఫోను చేశాడు. "సారూ, నీ పెట్టె నా సంచిలనే ఉన్నది. కని ఈ ఫోను ముందుగాల సుల్తాన్‌పూర్ దిక్కు పొమ్మంటున్నది. అమ్మది ఎన్నింటికి?"

రెండింటికని చెప్పారు అబ్రహాముగారు. అవతల ఎల్లయ్య మోపెడ్ ఆపిన చప్పుడైంది.

"లైను తప్పితే ఆఫీసుల అడుగుతరు."

"ఏం చెప్తవ్ మరి?"

"మా శేన్లకెల్లి పోయిన అని చెప్త."

తరువాత పటం మీద చుక్క రోడ్డు వదిలేసింది. ఏ దారీ గీయని బూడిదరంగు ఖాళీలోకి దిగింది. యాప్ కంగారుపడి, దారి మళ్ళీ లెక్కిస్తున్నామని రాసింది. మళ్ళీ మళ్ళీ రాసింది. చుక్క పట్టించుకోలేదు. పాత బండ్ల బాట ఒకటి ఆ లేఅవుట్ల వెనకగా ఇంకా మిగిలే ఉందని, దాని సంగతి ఆకాశంలోని ఉపగ్రహాలకు తెలియదని అబ్రహాముగారికి ఆనాడే తెలిసింది.

నాలుగో మాట ముగిసి, ఆఖరి ప్రార్థన కోసం అందరూ తలలు వంచారు. చర్చిలో నిశ్శబ్దం. మోపెడ్ వచ్చి వరండా ముందు ఆగింది. ఎల్లయ్య పెట్టె పట్టుకుని ఓటీపీ అడిగాడు. పన్నెండు రోజులుగా ఏసమ్మగారితో అరిచి మాట్లాడుతున్న అబ్రహాముగారి గొంతు ఇంకా ఆ ఎత్తులోనే ఉంది. "ఏడు, మూడు, తొమ్మిది, ఒకటి" అన్న అంకెలు కిటికీల్లోంచి లోపలికి వెళ్ళి గోడలకు తగిలాయి. పాట నంబరు కాబోలనుకుని సంఘంలో సగం మంది కీర్తనల పుస్తకాలు తెరిచారు. ఏడు వేలు దాటిన కీర్తనలు అందులో లేవు.

లోపల ఏసమ్మగారు ప్రార్థన అయిందేమోనని తల ఎత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. చేతిలో కాగితం పక్క వరుసలోని పుష్పమ్మగారి వైపు చాచింది.

అబ్రహాముగారు వరండాలోంచి అది చూశారు. త్రాసు చూశారు. పెట్టె చూశారు. ఆ తరువాత ఇరవై ఏడేళ్ళలో చేయని పని చేశారు: పెట్టె సీలును పళ్ళతో కొరికి చింపారు. గుంటలో మిషను ఉంది, సగం ఛార్జింగుతో. కొత్త వస్తువు సగం ఛార్జింగుతో ఎందుకు వస్తుందని, దాన్ని ఎవరో ముందే వాడి చూశారన్నమాటేనని, ఆయన గతంలో మూడు నివేదికల్లో ఆక్షేపించారు. ఆ రోజు మాత్రం దేవునికి స్తోత్రం చెప్పుకున్నారు.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయన ఆడవాళ్ళ వైపు నడిచారు. వరుసలో ఆడవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఆయన ఏసమ్మగారి చెవి వెనక మిషను పెట్టి, బుడిపె సరిచేసి వెనక్కి తిరిగారు. పుష్పమ్మగారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది. ఒక క్షణం చూసి, దాన్ని ఏసమ్మగారి ఒళ్ళోనే పెట్టింది. "ఇనవడుతుందా?" అని గుసగుసగా అడిగింది.

"అరుస్తవేందక్కా," అంది ఏసమ్మగారు.

మాటకు ముందు పాట. ఎండ ఎక్కువగా ఉందని, రెండు చరణాలు చాలని పాస్టరయ్యగారు చెప్పారు. సంఘం పాడింది. ఏసమ్మగారు కళ్ళు తెరుచుకునే పాడింది. రెండో చరణం దగ్గర అందరూ ఆగారు. ఆమె ఆగింది. వరండాలో అంతసేపూ పట్టుకున్న స్తంభాన్ని అబ్రహాముగారు అప్పుడు వదిలారు.

ఆమె పదిహేను నిమిషాలు మాట్లాడింది. క్యాలెండరు కాగితం ఒక్కసారి కూడా చూడలేదు. బిందెల వరస గురించి చెప్పింది, బాలింతకిచ్చిన బిందె గురించి చెప్పింది, దప్పి అని నోరు తెరిచి అడగటం ఎంత కష్టమో, తనకు వినబడటం లేదని ఒప్పుకోవటం కూడా అంతే కష్టమైందని చెప్పింది. ఇప్పుడు తమ అపార్ట్‌మెంటుకు వచ్చే ట్యాంకరు గురించి కూడా చెప్పింది. గుమ్మంలో నిలబడి వింటున్న ఎల్లయ్య అబ్రహాముగారి వైపు వంగి, ఆ ట్యాంకరు నింపేది తమ తమ్ముని బోరేనని చెప్పాడు. ఇంకా ఇరవై ఏడు పార్సిళ్ళున్నా అతను మాట అయ్యేదాకా కదల్లేదు. ఉపవాసముండి కడుపులో ఏమీ లేకుండా కూర్చున్న ఆ జనంలో ఆరోజు నిజంగా దాహం వేయని మనిషి లేడు. చివర్న పుష్పమ్మగారు కళ్ళు తుడుచుకుని, వచ్చే ఏడు మూడవ మాట మీద తనకు కొన్ని ఆలోచనలున్నాయని పక్కావిడతో అంది.

శనివారం పొద్దున అబ్రహాముగారు రిజిస్టరు తెరిచారు. చెవి మిషను. ఒకటి. వచ్చిన తేదీ వేశారు. బరువు గడి దగ్గర చాలాసేపు ఆగి 'తూచలేదు' అని రాశారు. ఆ పుస్తకంలో ఆ మాట అదే మొదలు. వ్యాఖ్య గడి ఖాళీగా ఉంచి, మొదటి గడిలో నీలి సిరాతో సంతకం చేశారు. అలవాటు ప్రకారం నీళ్ళ కోసం లేవబోయి, కూర్చుని, పుస్తకాన్ని నల్ల పెన్నుతో సహా ఏసమ్మగారి ముందుకు జరిపారు.

ఆమె వెంటనే సంతకం చేయలేదు. తూకం లేదు, వ్యాఖ్య లేదు, ఏం చూసి ఒప్పుకోవాలని అడిగింది. సరిచూసేవాళ్ళు అలాగే అడగాలని ఆయన లోలోపల సంతోషించారు. "వంటింట్లకు పోయి మెల్లగ ఏమన్న అను," అంది.

అబ్రహాముగారు వంటింట్లోకి వెళ్ళి, కిటికీ వైపు తిరిగి, ఎప్పుడూ గొణుక్కునే గొంతుతో, చాయ పెట్టనా అన్నారు.

"పెట్టు. చక్కెర తక్కువెయ్యి," అని హాల్లోంచి జవాబు వచ్చింది. ఆయన చాయ తెచ్చేసరికి రెండవ గడిలో నల్ల సిరాతో, క్యాలెండరు వెనక రాసినంత పెద్ద అక్షరాలతో, ఏసమ్మ అని ఉంది. ఖాళీగా ఉన్న వ్యాఖ్య గడిని కూడా ఆమే నింపింది: 'సరిపోయింది. బీరువా ఖాళీ చెయ్యాలి.'